ఆ ఒక్క టిక్కు

అండమాన్ హేవ్‌లాక్‌లో స్కూబాకి ముందు ఫారం ఇచ్చారు. 'గుండె సమస్య ఉందా?' నా గుండె పై గదుల మధ్య చిన్న రంధ్రం, పీఎఫ్ఓ. దాదాపు నలుగురిలో ఒకరికి ఉండేదే. నా ప్రాణం, నా ఇష్టం అనుకుని 'లేదు' దగ్గర పెన్ను పెట్టాను.

10 మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపవుతుంది. పైకొచ్చేటప్పుడు రక్తంలో పుట్టే నైట్రోజన్ బుడగల్ని మామూలుగా ఊపిరితిత్తులు వడకడతాయి. ఆ రంధ్రంలోంచి అయితే దొడ్డిదారిన మెదడు దాకా పోవచ్చు. అప్పుడు నన్ను పైకి లాక్కురావాల్సింది నా బడ్డీ. ఆ తొందరలో తనకీ ప్రమాదమే. నేను తీసుకునే రిస్కులో సగం, అడక్కుండానే తన నెత్తిన పెడుతున్నానన్నమాట.

'ఉంది' అని టిక్కు పెట్టాను. డాక్టరు సంతకం లేకుండా దింపమన్నారు. ఒడ్డునే కూర్చున్నాను, కాస్త ఉక్రోషంగానే.

ఒంటరిగా దిగే వీలుంటే నిజం రాసేవాణ్ణా? ఏమో. ఆ జవాబు మాత్రం ఏ ఫారమూ అడగలేదు.