వేసుకున్నావా అని అడిగిన తర్వాత

బైపోలార్ డిజార్డర్‌తో బతుకుతున్న మనిషి ఉన్న ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది: మాత్ర వేసుకున్నావా? అడిగేది తల్లి కావచ్చు, భర్త కావచ్చు, అన్న కావచ్చు. అందులో ప్రేమ ఎంత ఉంటుందో భయమూ అంతే ఉంటుంది. కిందటిసారి మేనియా, అంటే హద్దు దాటిన హుషారు, వచ్చినప్పుడు నిద్రలేకుండా గడిచిన రాత్రులు, తాకట్టుకు వెళ్లిన బంగారం, బంధువుల ముందు దొర్లిన మాటలు ఇంటిల్లిపాదికీ గుర్తుంటాయి. ఆ ప్రశ్న తప్పని నేననను. కానీ సాయం అంతటితో ముగిసిందనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. ఆ మాత్ర తనను ఏం చేస్తోందో మింగిన మనిషి చెప్పబోతే, ఎక్కువ ఇళ్లలో ఆ మాట సగంలోనే తెగిపోతుంది. ‘అన్నీ నీ అనుమానాలే’ అనో, ‘మందన్నాక ఆ మాత్రం ఉండదా’ అనో సమాధానం సిద్ధంగా ఉంటుంది. నా వాదన దీనికి ఎదురు వెళ్తుంది. మందు చేసే మేలు నిలబడాలంటే, అది చేసే కీడును అందరికన్నా ముందు నమ్మాల్సింది ఇంట్లోవాళ్లే. నమ్మితే మందు మానేస్తారన్న భయం సహజమైనదే. అయినా అది చాలావరకు తలకిందుల భయం.

ఈ జబ్బుకు ఇచ్చే లిథియం చరిత్రలో ఎక్కువగా చెప్పుకోని సగం ఒకటుంది. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రచురించిన వ్యాసం ఆధునిక మానసిక వైద్యానికి మలుపు అని చాలామంది చదివే ఉంటారు. ఆయన లిథియం ఇచ్చిన మొదటి రోగి, ఐదేళ్లుగా మేనియా తగ్గని యాభై ఒక్కేళ్ల మనిషి, కొద్ది నెలల్లోనే కుదుటపడి ఇంటికి వెళ్లాడు, పాత ఉద్యోగంలో చేరాడు. ఆ తర్వాత కథ అంత ప్రచారంలోకి రాలేదు. అతను మందు మానేశాడు, జబ్బు తిరగబెట్టింది, మళ్లీ లిథియం మొదలుపెట్టారు, 1950లో ఆ లిథియం విషమించే చనిపోయాడు. అతన్ని నిలబెట్టిందీ తీసుకుపోయిందీ ఒకే మందు. రక్తంలో అది ఎంత చేరిందో కొలిచే పద్ధతి అప్పటికి వాడుకలోకి రాలేదు. మరుసటి ఏడాది, కేడ్ పనిచేసిన మెల్‌బోర్న్‌లోనే, ట్రాట్నర్ అనే శాస్త్రవేత్తా ఆయన సహచరులూ ఆ కొలతను పట్టించుకున్నాకే ఈ మందు నమ్మకంగా వాడదగినదైంది. అమెరికాలో అనుమతి దొరికేసరికి 1970 వచ్చింది. ఈ చరిత్రలో నాకు కనిపించేది ఒక్కటే. లిథియాన్ని బతికించింది దాని మీద నమ్మకం కాదు, దాని కీడు మీద పెట్టిన శ్రద్ధ. ప్రయోగశాలలో రుజువైన ఈ సంగతి వంటింటి పక్క గదిలో మాత్రం వర్తించదని ఎందుకు అనుకోవాలి?

దుష్ప్రభావం అనగానే వాంతులో దద్దుర్లో అనుకుంటాం. ఈ మందుల దగ్గర అసలు ఇబ్బంది వేరు. వాటి కీడు చాలాసార్లు జబ్బులాగానో, స్వభావంలాగానో కనిపిస్తుంది. క్వెటియాపైన్ వేసుకున్న మనిషి పొద్దున తొమ్మిదింటికీ లేవలేకపోతే ఇంట్లో దానికి బద్ధకమని పేరు. ఒలాంజపైన్ పుట్టించే ఆకలి మామూలు ఆకలి కాదు. తిన్న గంటకే మళ్లీ గిన్నెలు వెతికే మనిషిని తిండిపోతు అంటారు, ఆర్నెల్ల తర్వాత పెళ్లిలో కనిపించిన చుట్టాలు ‘ఏంటిలా అయిపోయావ్’ అంటారు. కొన్ని మందులు ఒకచోట కూర్చోనివ్వవు, నిలబడనివ్వవు. కాళ్లలో ఏదో పాకుతున్నట్టు గది ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతాయి. డాక్టర్లు దాన్ని అకతీసియా అంటారు. ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందనుకుని ‘డోసు పెంచండి డాక్టరుగారూ’ అని వేడుకుంటారు, పెంచితే నడక ఇంకా ఎక్కువవుతుంది. లిథియంతో వేళ్లు సన్నగా వణుకుతాయి, నోరెండిపోతుంది, రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది, కొందరికి ఆలోచన మీద పొర కప్పినట్టుంటుంది. బైపోలార్ జబ్బుపై ప్రామాణిక గ్రంథం రాసినవారిలో ఒకరైన మనస్తత్వవేత్త కే రెడ్‌ఫీల్డ్ జామిసన్‌కు కూడా ఆ జబ్బే ఉంది. లిథియం పడ్డాక ఏళ్ల తరబడి పుస్తకం చదవలేకపోయానని 1995లో వచ్చిన తన ఆత్మకథలో ఆమె రాసుకున్నారు. మందు అవసరమేమిటో ఆమెకు తెలిసినంతగా తెలిసినవాళ్లు అరుదు. అయినా ఆమె పదేపదే మానేశారు. తెలియకపోవడమే మానేయడానికి కారణమని నమ్మేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ దగ్గర కాసేపు ఆగాలి.

మన ఊళ్లలో లిథియం సంగతి ఇంకొంచెం ప్రత్యేకం. మూత్రపిండాలు లిథియాన్ని దాదాపు ఉప్పులాగే చూస్తాయి. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గినప్పుడు అవి ఉప్పును బయటికి పోనివ్వకుండా పట్టుకుంటాయి, దాంతోపాటు లిథియాన్నీ పట్టుకుంటాయి. మాత్రల లెక్క మారకపోయినా రక్తంలో మందు పెరుగుతుంది. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచాలని చూస్తారు. 1.5 దాటితే ప్రమాదమే. మేలుకూ విషానికీ మధ్య ఎడం ఇంతే. ఇప్పుడు రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండను తలుచుకోండి. వడదెబ్బ, విరేచనాలు, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని ఏకాదశి, రంజాన్ ఉపవాసం, బీపీ ఉందని హఠాత్తుగా మొదలుపెట్టిన చప్పిడి కూడు, వీటిలో ఏదైనా ఆ ఎడాన్ని మింగేయగలదు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలూ, బీపీకి ఇచ్చే కొన్ని మందులూ అంతే. సన్నని వణుకు ముతకగా మారడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు, మత్తు కనబడితే మరుసటి అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి ‘లిథియం వాడుతున్నారు’ అన్న మాట ముందు చెప్పాలి. ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి, మజ్జిగ తాగు అనే పెద్దవాళ్ల సలహాను చదువుకున్నవాళ్లం తేలిగ్గా తీసేస్తాం. వేడి సంగతి ఎలా ఉన్నా, ఎండాకాలంలో ఉప్పేసిన మజ్జిగ రోజూ ఒకే తీరుగా తాగమనడం లిథియం వాడే మనిషికి చెడ్డ సలహా కాదు. ఇవన్నీ కనిపెట్టగలిగేది నెలకోసారి చూసే డాక్టరు కాదు, పక్కన కూర్చుని తినేవాళ్లు. ఆ తినేవాళ్లకు ‘వేసుకున్నావా’ తప్ప వేరే ప్రశ్న రాకపోతే, వేళకు పద్ధతిగా మింగిన మాత్రే హాని చేయవచ్చు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. ప్రతి ఫిర్యాదుకూ తలూపితే మానేయడానికి సాకు మనమే అందించినట్టు కాదా? అసలు మానేయడం ఎలా జరుగుతుందో చూస్తే ఈ భయం సడలుతుంది. మానేసేవాళ్లు సాధారణంగా ప్రకటించి మానేయరు. చెప్పి చెప్పి విసిగి, ఇక చెప్పడం వృథా అనుకున్న రోజు నుంచి మాత్ర నాలుక కింద నుంచి వాష్‌బేసిన్‌లోకి వెళ్తుంది. ఇంట్లోవాళ్లకు తెలిసేది నిద్ర తగ్గి, మాట పెరిగాక. లిథియాన్ని ఒక్కసారిగా ఆపినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం, మెల్లగా తగ్గించినవాళ్లలో కన్నా ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ఆత్మహత్య ముప్పును తగ్గించే మందుగా దానికున్న ఆధారాలు ఈ జబ్బులో మరో మందుకు అంతగా లేవు కాబట్టి, అలా రహస్యంగా ఆగిపోవడం మామూలు నష్టం కాదు. నోరు విప్పి చెప్పిన ఫిర్యాదుకైతే దారులున్నాయి. వేళ మార్చవచ్చు, డోసు సర్దవచ్చు, వణుకుకు ప్రొప్రనొలాల్ చేర్చవచ్చు, థైరాయిడ్ తగ్గితే దానికి మాత్ర ఉంది, ఒలాంజపైన్‌తో పెరిగే బరువుకు మెట్‌ఫార్మిన్ ఇస్తున్నారు, ఏదీ కుదరకపోతే మందే మార్చవచ్చు. ఇవన్నీ డాక్టరు చేసే పనులు, ఇంట్లో సొంతంగా చేసేవి కావు. లామోట్రిజిన్ లాంటిదైతే వారం పాటు మానేసి మళ్లీ పాత డోసు నుంచే మొదలుపెట్టడం కూడా ప్రమాదకరం, చర్మం ఊడిపోయేంత తీవ్రమైన దద్దుర్లు రావచ్చు. ఈ మార్పుల్లో ఏది జరగాలన్నా ముందు ఎవరో ఒకరు విని ఉండాలి.

రెండో అభ్యంతరం గట్టిది. మేనియా మొదలవుతున్నప్పుడు మనిషికి తన జబ్బు కనబడదు. ‘ఈ మందు నన్ను మొద్దుబార్చేస్తోంది’ అనే మాట అప్పుడు దుష్ప్రభావం గురించిన సమాచారమా, జబ్బు లక్షణమా? నిజాయతీగా చెప్పాలంటే విడగొట్టడం ఒక్కోసారి ఎవరివల్లా కాదు. అయితే ఒక తేడా పట్టుకోవచ్చు. వణుకు, బరువు, దాహం, మత్తు, నెలసరి తప్పడం, వీటికి తేదీలుంటాయి, తూకం ఉంటుంది, రక్తపరీక్ష ఉంటుంది. ఎన్ని గంటలు నిద్రపోయాడన్నది కూడా అలాంటిదే. నిద్ర బాగానే ఉండి మొద్దుబారుతున్నానంటే ఒక అర్థం, మూడు గంటల నిద్రతో హుషారుగా తిరుగుతూ అదే మాటంటే మరో అర్థం. అందుకే వాదనకన్నా, ఇద్దరూ కలిసి రాసుకునే చిన్న నోట్‌బుక్కు ఎక్కువ పనికొస్తుంది. ఓపీలో ఐదు నిమిషాలైనా దొరకని డాక్టరుకు దాన్ని చూపిస్తే చెప్పాల్సింది సగం చెప్పినట్టే. పరిస్థితి చెడినప్పుడు ఏం చేయాలో కుదురుగా ఉన్న రోజుల్లోనే అడిగి పెట్టుకోవచ్చు. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీనికి వీలు కల్పించింది. తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఎలాంటిది వద్దో వయోజనులెవరైనా ముందే రాసిపెట్టవచ్చు, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకోవచ్చు. అత్యవసర చికిత్సకు అది అడ్డురాదు. ‘ఫలానా మందు నాకు మెడ పట్టేసింది, అది తప్ప ఇంకేదైనా ఇవ్వండి’ అని ముందుగా రాసుకున్న మనిషిని మేనియాలో కూడా వినవచ్చన్నమాట. ఆ కాగితంలో మాట్లాడేది కుదురుగా ఉన్నప్పటి మనిషి.

విసిగిన కుటుంబాలు చేసే పని ఇంకొకటుంది, దాని గురించి బయట ఎవరూ మాట్లాడరు: తెలియకుండా మందు కలిపి పెట్టడం. సాంబారులో, కాఫీలో, పెరుగన్నంలో. గత్యంతరం లేక చేస్తారు, దాన్ని కుట్ర అనడం అన్యాయం. కానీ నా వాదన మొత్తానికి ఇక్కడే అసలు పరీక్ష. మందు పడుతోందని తెలియని మనిషి దాని కీడును ఎవరికి చెప్పాలి? పగలంతా మత్తుగా ఉంటే ఎందుకో తెలియక బండి నడుపుతాడు. హాలోపెరిడాల్ లాంటి మందుకు మెడ ఒక పక్కకు తిరిగిపోతే గాలి సోకిందంటాడు, చేతబడి అంటాడు. ఇంకా ఘోరమేమిటంటే ‘నాకేదో కలిపి పెడుతున్నారు’ అని అనుమానిస్తాడు, అది జబ్బు లక్షణమని ఇంట్లోవాళ్లు డాక్టరుకు చెబుతారు. అతను అన్నదేమో అక్షరాలా నిజం. ఆ రోజు నుంచి అతని ప్రతి నిజమూ భ్రమ కింద జమ అవుతుంది. ఒకనాడు బయటపడ్డాక ఆ చేతి కాఫీ కూడా తాగడు, ఆ చేత్తో ఇచ్చిన మాత్ర అసలే మింగడు. నెల రోజుల ప్రశాంతత కోసం ఏళ్ల నమ్మకం ఖర్చుపెట్టే బేరమిది. ఇలా చేస్తున్నవాళ్లు కనీసం డాక్టరు దగ్గరైనా దాచకూడదు.

కనిపెట్టి చూడమంటే కాపలా కాయమని కాదు. జబ్బుపడ్డవాళ్ల మీద ఇంట్లో విమర్శ, ద్వేషం, మితిమీరిన జోక్యం ఎక్కువగా ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం స్కిజోఫ్రీనియా విషయంలో చూపించింది. తర్వాత డేవిడ్ మిక్లోవిట్జ్ వంటివారు బైపోలార్ కుటుంబాల్లోనూ అలాంటిదే చూశారు. చండీగఢ్‌లో జరిగిన అధ్యయనంలో మన కుటుంబాల్లో ఈ ధోరణి లండన్ కన్నా తక్కువగా కనబడింది. దాన్ని చూసి మురిసిపోవడానికి నేను తొందరపడను. ఉమ్మడి ఇళ్లు చిన్నవయ్యాయి, ఒకరి మీదే భారం పడుతోంది, ఆ ఒక్కరూ అలిసిపోతే గొంతు దానంతటదే విమర్శలోకి దిగుతుంది. సాయం చేసేవాళ్ల అలసట కూడా ఈ మందుల దుష్ప్రభావాల్లో ఒకటని నాకనిపిస్తుంది, చీటీ మీద మాత్రం రాయరు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. రోగులే చేయాలని లేదు.

చివరి ప్రశ్న, ఎంత కీడు భరించదగినదో నిర్ణయించేది ఎవరు? ‘ప్రాణం కన్నా బరువు ఎక్కువా’ అనే మాటలో న్యాయముంది, కానీ ఆ త్రాసు పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ మరొకరిదే. కుట్టుపని చేసే మనిషికి వేళ్లు వణకడం, పాఠం చెప్పే మనిషికి మాట తడబడటం ఒకే ధర కాదు. వాల్ప్రోయేట్ మగవాడికి ఒక మందు. పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీకి, గర్భంలోని శిశువు వెన్నుపాముకూ ఎదుగుదలకూ హాని చేసే అవకాశం ఉన్నందువల్ల, పూర్తిగా వేరే మందు. అయినా పెళ్లి సంబంధం చూసేటప్పుడు జబ్బు దాచి, మాత్రల సంగతి దాచి, అత్తింట్లో వాటిని ఎవరికీ కనబడకుండా మింగమనో, కొన్నాళ్లు ఆపమనో చెప్పే కుటుంబాలున్నాయి. ఆ అమ్మాయికి గర్భం వచ్చాక ఏ మందు ఎప్పుడు మార్చాలన్న ప్రశ్న మొదలైతే అప్పటికే ఆలస్యమవుతుంది. పెళ్లికి ముందే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, గదిలో ఆమెనే మాట్లాడనిచ్చి, ఆమె ఏ ఇబ్బందిని భరించగలనంటుందో ఏది తన వల్ల కాదంటుందో విన్న తర్వాత సంబంధాలు చూసినా మునిగిపోయేదేమీ లేదు.