ఉల్లికోడు ఈగకు ఒక స్తుతి

దామరచర్ల దాటి వాడపల్లి దారి పడితే, మూసీ కృష్ణలో కలిసే దాకా పచ్చగా వరి మడులు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు తాగే ఈ నేలలో వానాకాలం నాట్లు ఆలస్యమైన ఏడు, దుబ్బుల మధ్య తెల్లటి గొట్టాలు లేస్తాయి. గొట్టమైన పిలక ఇక కంకి వేయదు. రైతు తిట్టుకుంటాడు, తిట్టుకోవాలి కూడా. అయినా ఇవాళ నా పొగడ్త ఆ గొట్టాన్ని కట్టించిన ఈగకే.

దోమంత ఉంటుంది. ఎర్రటి పొట్ట, పొడుగు కాళ్లు, కొద్ది రోజుల ఆయుష్షు. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు తడి ఉంటేనే కదలగలదు. ఆకుతొడుగు వెంట పాకి మొవ్వు చేరుతుంది. అక్కడ కొరికి పారేయదు. తన లాలాజలంతో వరి చేతనే ఇల్లు కట్టించుకుంటుంది! ఆకు కావలసింది గొట్టమై ఉల్లికాడలా పైకి సాగుతుంది. ప్యూపా దశలో ఒంటి ముళ్లను ఊతం చేసుకుని, మెలికలు తిరుగుతూ కొస దాకా ఎక్కి చిల్లు పెడుతుంది. ఈగ ఎగిరిపోయాక ఖాళీ పొర ఆ చిల్లులోనే ఇరుక్కుని ఉంటుంది.

కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన వుడ్-మేసన్ 1889లో దీనికి ‘ఒరైజే’ అని వరి పేరే పెట్టాడు. ఆఫ్రికా వరిలోనూ ఇదే గొట్టం కనబడితే చాలాకాలం ఇదే ఈగ అనుకున్నారు. 1982లో హారిస్, గాన్యే అనే ఇద్దరు అది వేరు జాతి అని తేల్చి ‘ఒరైజివోరా’ అన్నారు. అలా తేల్చడమంటే ఇంత చిన్న ఒంటిని గాజుపలక మీద పరిచి, మీసాలూ జననాంగాలూ పరీక్షించడం. ఆ మీసాలు చూడాలి! కణుపు కణుపునా ఉచ్చులు తిరిగిన పారదర్శకమైన పోగులు; మరే ఈగల కుటుంబానికీ లేని అలంకారం.

సూక్ష్మదర్శిని చేతులెత్తేసే చోటు కూడా ఉంది. మన దేశపు ఉల్లికోడులో ఏడు బయోటైపులు గుర్తించారు, వరంగల్‌ది 4ఎం. రూపం ఒక్కటే, ఏ వరి వంగడం మీద గొట్టం లేస్తుందో, దేని మీద లేవదో చూసి చెప్పాల్సిందే. ఉల్లికోడుకు లొంగని ఫల్గుణ వంగడం మీద ఉత్తరాంధ్రలో ఒక బయోటైపు గెలిచింది. ఈగను పోల్చడంలో మొక్కే పెద్ద పండితుడని నాకనిపిస్తుంది.

గట్టు మీది కానుగకూ దాని ఈగ దానికుంది. విచ్చుకోవలసిన మొగ్గ బుడిపెలా ఉబ్బిపోతుంది. లోపల బూజు పెంచి దాని మధ్యే బతికే వంశం అది. దానికి పేరు పెట్టింది మొక్కల బుడిపెలకే జీవితం ధారపోసిన ఎం.ఎస్. మణి.

ఈ రెండు ఈగలదీ ఒకే కుటుంబం, కోడు ఈగలు. ప్రపంచంలో వీటిలో పేరున్నవి 6,600కు పైగా. కెనడా కీటకాల డీఎన్ఏ ఆధారంగా 2016లో వేసిన లెక్క మాత్రం 18 లక్షల జాతులు ఉండొచ్చంది. అంటే ఈ గట్టు గడ్డిలోనే పేరు లేనివి ఎన్నో!

ఈసారి ఏ కొమ్మ మీదైనా వింత ఉబ్బు కనబడితే ఆకులతో సహా సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టండి. ఈగే రావచ్చు. లేదా దాన్ని లోపలే తినేసిన బుల్లి కందిరీగలు రావచ్చు. ఉల్లికోడును తినే ప్లాటీగ్యాస్టర్ అయితే ఒక్క పురుగులోంచే గుంపుగా వస్తుంది. ఏది వచ్చినా ఆ కొమ్మను పారేయకండి, పేరు పెట్టేవాళ్లు ముందు దాన్నే అడుగుతారు.