దైవోపద్రవము – వర్తక ధర్మము

2024 డిసెంబరు 2వ తేదీ ఉదయమునకు ఊత్తంగరైలో ఒక్క దినముననే 50 సెంటీమీటర్ల వర్షము కురిసినది. ఫెంగల్ తుఫాను వలన చెరువు పొంగి, బస్టాండు చెంత నిలిపిన వాహనములు సైతము కొట్టుకొనిపోయినవి. అట్టి ఊర ఒక వర్తకుడు పెద్ద కంపెనీ పేరుతో హోటలు నడుపుచున్నాడనుకొందము. అతడు కంపెనీకి కట్టవలసిన నెలసరి రుసుము ఏమగును?

ఫ్రాంచైజీ పత్రములలో ‘ఫోర్స్ మేజర్’ అను షరతు ఉండును. విపత్తు అడ్డగించినంత కాలము పని జరుగకున్నను తప్పు లేదని దాని భావము. అయితే సొమ్ము చెల్లించు బాధ్యతకు అనేక పత్రములలో ఈ మినహాయింపు ఉండదు. షరతు లేనిచో 1872 నాటి కాంట్రాక్టు చట్టము 56వ సెక్షను కలదు. కాని ఖర్చు పెరిగినంత మాత్రమున ఒప్పందము రద్దు కాదని 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

చట్టము ఇక్కడ ఆగును, ధర్మము ఆగదు. వరద తీసిన పిదప కూడ వరద పేరు చెప్పి బాకీ ఎగవేయుటయు, మూతపడిన హోటలునుండి పూర్తి రుసుము రాబట్టుటయు ఒక్కటే. రెండును ఇయ్యనిదానిని పుచ్చుకొనుటయే, అచౌర్యాణువ్రతమునకు విరుద్ధములే. విపత్తు చేతులను కట్టివేయును గాని మనస్సును కాదు. కావున వర్తక సోదరులారా, విపత్తు నాటి నష్టమును ఉభయులును ఎట్లు పంచుకొనవలెనో సంతకము చేయునాడే, ఆకాశము నిర్మలముగా నున్నప్పుడే, వ్రాసికొనుడు.