మరలిరాని మార్పు

తనదైన వస్తువును తన యిచ్చవచ్చినట్లు మార్చుకొనుటకు మనుష్యునకు హక్కు గలదా? ఈ ప్రశ్న వినుటకెంత సులభముగా నున్నదో, సమాధానము చెప్పుట యంత సులభము గాదు. హక్కు గలదనువారు లోకమును మఱచెదరు. లేదనువారు స్వాతంత్ర్యమును మఱచెదరు. ఇటీవల మా యింట నొక మోటారు సైకిలును గూర్చి పుట్టిన వివాదము నన్నీ విషయమున నాలోచింపజేసినది. బండి చిన్నదే గాని, దానివెంట వచ్చిన ప్రశ్న చిన్నది గాదని చదువరులకు మనవి చేయుచున్నాను.

మా తండ్రిగారు 1974వ సంవత్సరమున నొక బుల్లెట్టు బండిని గొనిరి. రాయల్ ఎన్‌ఫీల్డు బండ్లు ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమున బుట్టి, 1955వ సంవత్సరమున మద్రాసు చేరినవి. పుట్టినింట కర్మాగారము మూతపడినను, మెట్టినింట నేటికిని వర్ధిల్లుచున్నవి. మా బండికి గేరు కుడికాలి వైపునను, బ్రేకు ఎడమకాలి వైపునను గలవు. మా తల్లిగారు ఉపాధ్యాయిని. తండ్రిగారు ప్రతిదినమును ఆమెను వెనుక గూర్చుండబెట్టుకొని పాఠశాలకు దీసికొనిపోవుచుండెడివారు. వారు గతించిన పిమ్మట బండి మా యన్నగారి కుమారునకు సంక్రమించెను.

ఆతడు దానిని 'కేఫ్ రేసరు' అను రీతికి మార్పదలచెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మటి దశాబ్దములలో ఇంగ్లండు యువకులు కాఫీ దుకాణములకడ గుమిగూడి, వేగము కొఱకు బండ్లను తేలికపఱచుకొన్న పద్ధతి యది. హ్యాండిలు క్రిందికి దింపుట, దీపములు మార్చుట మున్నగునవి మరలు విప్పి బిగించు పనులు. కాని యతడు కోరిన రూపము రావలెనన్న వెనుకసీటును మోయు ఛాసిస్ భాగమును గోసి, కుఱుచచేసి, వెల్డింగు చేయవలెను. విప్పినదానిని మరల బిగింపవచ్చును. కోసిన యినుము మున్నున్నట్లు కాజాలదు. అతికినను, అతుకు ప్రక్కనున్న లోహము వేడికి దన గుణమును గొంత మార్చుకొనును.

నేను వలదంటిని. ఆతడు వినయముగనే నన్ను నిలదీసెను. "బాబాయిగారూ! వస్తువు బ్రతికియున్నవారి యుపయోగము కొఱకా, చనిపోయినవారి జ్ఞాపకము కొఱకా? వందల యేండ్ల యాచారములనే మార్చవలెనని వ్రాయు మీరు, ఏబదియేండ్ల యినుమును ముట్టరాదనుట న్యాయమా?"

ఈ మాట నాకు సూటిగా దగిలెను. వెంటనే చట్టము చాటున దాగికొంటిని. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారుచేసినవారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్పరాదని 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. 2019వ సంవత్సరపు సవరణ ప్రకారము అనుమతిలేని యొక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, ఆఱు నెలలకు మించని కారాగారముగాని, రెండునుగాని విధింపవచ్చును. చట్టమును మన్నింపవలసినదే. కాని అధికారులు అనుమతించిరనియే యనుకొందము. అప్పుడు ప్రశ్న తీఱునా? తీఱదు. చట్టము చేయదగనిదానిని చెప్పును గాని, చేయదగినదానిని నిర్ణయించు భారము మనపైననే యుంచును.

పిమ్మట, బండి తన నిజరూపమును గోల్పోవునంటిని. ఈ వాదమును నిలువలేదు. మిలిందరాజు తాను రథముపై వచ్చితినని చెప్పగా, నాగసేనభిక్షువు నొగ రథమా, ఇరుసు రథమా, చక్రములు రథమా యని యడిగెనట. వేనిలోనను రథము దొరకలేదు. మా బండికిని టైర్లు, గొలుసు, పిస్టను ఎన్నిమాఱులో మాఱినవి. ప్రాతదనమే పూజ్యమైనచో ఆ మార్పులన్నియు నపచారములే కావలెను. కావున నిజరూపమను మాట నా మమకారమునకు నేను పెట్టుకొన్న గౌరవనామము మాత్రమే.

మఱి విచారింపవలసిన దేమి? ఈ మార్పువలన నితరులకు గలుగు బాధ యేమి? చేసినదానిని మరల్చుకొనుటకు వీలున్నదా? దానివలన తీఱునది నిజమైన యవసరమా, నేడుండి రేపు పోవు ముచ్చటయా? ఈ మూడు ప్రశ్నలను గలిపి చూడవలెను గాని, ఒక్కదానినే పట్టుకొనరాదు. పెద్దమ్రోతచేయు సైలెన్సరును బిగించినవాడు రేపు దానిని విప్పవచ్చును. కాని ప్రక్కయింటి రోగికి రాత్రి పోయిన నిద్రను మరల దెచ్చియీయలేడు. మరల్చుకొనదగినదంతయు నిర్దోషము గాదు. కాళ్లు చచ్చుపడినవానికొఱకు ద్విచక్రవాహనమునకు ప్రక్కచక్రములను శాశ్వతముగా నమర్చుట గలదు. అనుమతితో జేయు నట్టి మార్పును చట్టమును గుర్తించుచున్నది. శాశ్వతమైనదంతయు దోషము గాదు.

సంస్కర్తల పనియు నిట్టిదే. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు జరిపించిన వితంతువివాహము వెనుకకు మరల్చుకొన వీలైన పనియా? కాదు. ఐనను అది ధర్మము. ఏలయన, దానిని గోరినది ముచ్చట గాదు, మనుష్యుల దుఃఖము. వెనుకకు రాలేని యడుగు వేయువాడు అంత బరువైన కారణమును జూపవలెను. అద్దములో నందముగా గనబడుట యంత బరువైన కారణమని నేనొప్పుకొనలేను. యువకుని యుత్సాహము బొత్తిగా బరువులేనిదనియు ననలేను.

ఇంతవఱకు వాదించినవారము మే మిద్దఱము పురుషులము. ఆ వెనుకసీటుపై ఇరువదియేండ్లు కూర్చున్న మా తల్లిగారి నెవ్వరమును అడుగలేదు. ఆమె జ్ఞాపకముల పేర నేను వాదించితిని గాని, ఆమె యభిప్రాయము నాకు దెలియదు. స్త్రీల తరఫున మాటలాడుచు స్త్రీలను మాటలాడనీయని దోషము నితరులయందు ఖండించు నాకు, అది నా వసారాలోనే కనబడినది. సిగ్గుపడి, మనుమనితోగూడ వెళ్లి యడిగితిని.

ఆమె నవ్వి యిట్లనెను: "ఆ సీటు మీద ఇరవయ్యేళ్లు నా నడుం విరిగింది. మార్చు నాయనా, మెత్తటిది వేయించు. అదేమీ దేవుడి పీట కాదు. కానీ ఇనుము కోస్తే వెనక ఇంకెవరూ కూర్చోలేరు గదా! నీ ఒక్కడి కోసమే బండి చేసుకుంటున్నావా, బాగా ఆలోచించుకో."

నా మమకారమును, ఆతని తొందరను ఆమె యొక్కమాటతో బ్రక్కకు నెట్టెను. ఆమెకు గావలసినది ప్రాతరూపము గాదు, మఱియొకరికి చోటు. ఆతడు కొంతసేపు మాటలాడలేదు.

ఇప్పుడు బండికి క్రొత్త హ్యాండిలు, మెత్తని సీటు వచ్చినవి. విప్పిన భాగములు చమురు పూసి, గోనెపట్టలో జుట్టబడి అటుకపై నున్నవి. ఛాసిస్ కోయుట నొక సంవత్సరము వాయిదాపడినది. సంవత్సరము గడచిన పిమ్మట నాతడు అనుమతి పొంది కోయవచ్చును. అప్పుడు నేనడ్డుపడనని మాట యిచ్చితిని. ఏలయన, యజమాని యాతడే. కాని యీ యేడాదిలో ఆ వెనుకసీటుపై నెవరెవరు కూర్చుండిరో ఆతనికి దెలిసియుండును. ఆ లెక్క చూచుకొన్న పిమ్మట చేయు నిర్ణయము, అది యేదైనను, నేటి నిర్ణయముకంటె మేలైనది.