మరల ఏ జాతిని వరింతుము?

జీవితకాలములో పెక్కు కుక్కలను పెంచినవారిని చూచి, "మరల పెంచవలసివచ్చినచో ఏ జాతిని తెచ్చుకొందురు?" అని అడుగుట లోకములో పరిపాటి. ప్రశ్న చిన్నది, ఉత్తరమును చాలమంది ఆలోచింపకయే చెప్పుదురు. పశువైద్యశాఖలో చిరకాలము పనిచేసి, విశ్రాంతి పొంది, ఏలూరిలో కాపురమున్న మా మేనమామగారు మాత్రము అట్లు చెప్పలేదు. వారు పగలు పశువుల ఆసుపత్రిలోను, రాత్రులు తర్కగ్రంథముల నడుమను కాలము గడపినవారు. బాల్యమున కొల్లేటియొడ్డున తాతగారి యింట జోనంగి కుక్కతో ఆడుకొని, యౌవనమున తెల్లని పొమరేనియనును, నడివయస్సున ఆల్సేషియనును, వార్ధకమున లాబ్రడారును పెంచినవారు. హైదరాబాదులో అయిదవ అంతస్తునందున్న మా యింటికి ఒక కుక్కను తెచ్చుకొనదలచి నేను వారి సలహా కోరగా, మా యిరువురి నడుమ జరిగిన సంవాదము నిచట వ్రాయుచున్నాను.

"మామయ్యా! ఇన్ని జాతులను దగ్గరనుండి చూచినవారు మీరు. ఒక్కదానిని మరల వరింపుమన్నచో దేనిని వరింతురు?" అని నేనడిగితిని.

"దేనిని మరల కోరుట, నాయనా?" అని వారు ఎదురు ప్రశ్న వేసిరి. "గౌతముడు న్యాయసూత్రములలో, గోవన్నప్పుడు మనబుద్ధికి తోచునది వ్యక్తియా, ఆకృతియా, జాతియా యని దీర్ఘముగా విచారించి, మూడును కలిసియే ఆ యర్థమని నిర్ణయించినాడు. కుక్కను తెచ్చుకొనువాడు ఈ మూడింటిని విడదీసి చూడడు. ఆకృతిని చూచి మోహించును. జాతికి వెల చెల్లించును. తుదకు వ్యక్తితో కాపురము చేయును. పది పండ్రెండేండ్లు నీ గుమ్మములో పడుకొని, నీ అడుగుల సవ్వడిని గుర్తించి లేచునది ఆ వ్యక్తి. అది పోయినపిదప మరల రాదు. మా ఆల్సేషియను పోయిన యేడు, అదే రంగు, అదే ముఖము గలదానిని ఇంకొకదానిని తెమ్మని చెప్పినవారు ఎందరో. నేను తేలేదు. అట్లు తెచ్చినచో ఆ రెండవది తన బ్రదుకంతయు మొదటిదానితో పోల్చబడుచు, తాను కానిదానికై ప్రేమింపబడుచు, తాను కానందులకై నిందింపబడుచు ఉండవలసివచ్చును. వ్యక్తిని మరల వరించుటకు వీలులేదు గనుక, నీ ప్రశ్న జాతిని గూర్చినదే కావలెను."

"అట్లయిన జాతి యనునది సంతలో వెల పెంచుటకు పెట్టిన పేరేనా?"

"కాదు. జాతి సత్యము. దానిని కాదన్నచో నేను నేర్చిన విద్యనే కాదన్నట్లగును. జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అను అశ్వదళపు కప్తాను ఉండెడివాడు. 1899లో ఒక ప్రదర్శనమున ఒక గొఱ్ఱెలకాపరి కుక్కను చూచి, అప్పటికప్పుడు కొని, దానికి హోరాండ్ అని పేరుపెట్టి, దానినే మూలపురుషునిగా నిలిపి ఆల్సేషియను జాతికి సంఘమును స్థాపించినాడు. ఆయన దృష్టి అందముమీద లేదు. మందను కాచు నేర్పుమీద, చెప్పినమాట గ్రహించు బుద్ధిమీద ఉండినది. మా యింటి ఆల్సేషియను పుట్టి యెన్నడును గొఱ్ఱెను చూచి యెరుగదు. అయినను పిల్లలు పెరటిలో ఆడుకొనుచుండగా అది వారి చుట్టును వలయముగా తిరుగుచుండెడిది. ఏ పసివాడైన గేటువైపు నడచినచో ముందుకు పోయి అడ్డునిలిచి, భుజముతో మెత్తగా నెట్టి, మరల గుంపులోనికి చేర్చెడిది. దానికి ఎవరు నేర్పిరి? వ్యక్తికి పూర్వమే దానిలో నున్న ఆ శిక్షణమే జాతి."

"మంచిది. అంతటి గుణమున్న జాతిని మరల వరించుటకు అభ్యంతరమేమి?"

మామయ్య కొంతసేపు మాటాడలేదు. పిదప ఇట్లనిరి:

"గుణము వచ్చిన దారినే దోషమును వచ్చినది. పనికొరకు పుట్టించిన జాతిని తరువాతివారు ప్రదర్శనపు పోటీలకొరకు, పతకములకొరకు పుట్టించిరి. వీపు వెనుకకు వాలవలెననిరి, వెనుకకాళ్ళు వంగి సాగవలెననిరి. తొడఎముక తల తుంటిగుంటలో సరిగా కూర్చుండని వ్యాధి ఆ జాతిని విడువక పట్టుకొన్నది. మా కుక్క ముదిసినపిదప లేచుట నీవు చూడలేదు. ముందుకాళ్ళు రెండింటిని గచ్చునకు అదిమిపట్టి, మెడ చాచి, వెనుకభాగము నొక్కపెట్టున లేపబోయి, లేవలేక ఒకప్రక్కకు ఒరిగి, మరల మొదలుపెట్టెడిది. నడచునప్పుడు వెనుకకాళ్ళ గోళ్ళు నేలకు రాచుకొనెడివి; ఆ చప్పుడునుబట్టి అది ఏ గదిలో నున్నదో మీ అత్తయ్య చెప్పెడిది. పైగా చలిదేశమునకు తగిన రెండుపొరల బొచ్చు. రోహిణికార్తెలో ఏలూరి యెండకు తాళలేక, నూతిపళ్ళెమున నిలిచిన నీటిలో పొట్ట ఆనించి మధ్యాహ్నమంతయు పడియుండెడిది. కుక్కకు మనవలె ఒడలంతయు చెమట పట్టదు గదా. నాలుక చాచి రొప్పుటయే దాని వేడికి దారి. ఇన్ని తెలిసి ఇంకొకదాని నా పళ్ళెమునకు తెచ్చుట నాకు న్యాయముగా తోచదు."

ఇక్కడ నాకొక ఆక్షేపణ తోచినది. "మామయ్యా! ఆ తుంటిజబ్బు లేనిచో ఆ కుక్కయే లేదు. ఆ తల్లిదండ్రులకు, ఆ జాతిలో, ఆ దోషముతోడనే అది పుట్టినది. అందరును మీవలెనే నిరాకరించియుండినచో మీరు ప్రాణపదముగా పెంచిన ఆ జీవి లోకములోనికే రాకపోవును. అది పుట్టకుండుటయే మేలందురా?"

"గట్టిగా అడిగితివి. పుట్టినదానిని పుట్టకుండవలసినదని నేనెన్నడును అనను. అది బ్రదికిన ప్రతిదినమునకును నేను ఋణపడియున్నాను. కాని ఆ ఋణము దానికి చెల్లవలసినది. దానిపై నాకున్న ప్రేమను చూపి, ఇంకను పుట్టనిదాని నొకదానిని అదే బాధలోనికి పిలుచుటకు నాకు అధికారము లేదు. పోలియో సోకిన బిడ్డను ప్రాణముకన్న మిన్నగా పెంచుకొన్న తల్లి రెండవబిడ్డకు చుక్కలమందు వేయించకుండునా? వేయించినంతమాత్రమున మొదటిబిడ్డను తక్కువచేసినదందువా?"

"ఆ పోలిక పూర్తిగా పొసగదు. చుక్కలమందు వేయించినను ఆ రెండవబిడ్డ ఆ బిడ్డయే. ఇక్కడ మీరు నిరాకరించినచో పుట్టునది వేరొక కుక్క, లేదా ఏదియు పుట్టదు."

"ఒప్పుకొందును. పోలిక ప్రేమకు చెల్లినది, న్యాయమునకు చెల్లలేదు. న్యాయమును వేరుగా చెప్పెద వినుము. పుట్టని కుక్కకు నావలన అపకారము జరుగలేదు. జరిగెనని వాపోవుటకు అది లేదు. పుట్టించిన కుక్కకు జరుగవచ్చును. జరిగినప్పుడు రాత్రి నా మంచముప్రక్కన మూలుగుట కది ఉన్నది. ఈ రెండింటిని ఒకే త్రాసులో తూచరాదు. కోరకుండుటవలన ఎవ్వరికిని అన్యాయము లేనిచోట, కోరుటవలన ఒకరికి బాధ నిశ్చయప్రాయమైనచోట, కోరకుండుటయే ధర్మము."

ఈ సమాధానము నన్ను నాటికి నేటికి వీడలేదు. ప్రేమించినదానిని మరల కోరకుండుట కృతఘ్నత యని అంతవరకు నాకుండిన భావము ఆ మాటతో సడలినది.

"మరి లాబ్రడారు?"

మామయ్య ముఖము తేటపడినది. "నూఫౌండ్లాండు తీరమున జాలరులకు తోడుగా చన్నీటిలో ఈదిన కుక్కల సంతతి అది. ఇంగ్లండునందలి కెన్నెల్ క్లబ్బు 1903లో దానిని ప్రత్యేకజాతిగా అంగీకరించినది. స్వభావమున అంతటి సాధువు నాకు మరియొకటి కనబడలేదు. కాని దాని ఆకలిని చూచితివా? సత్తుపళ్ళెములో అన్నమైపోయినపిదప, ఆ పళ్ళెమును నాకుచు నాకుచు ముక్కుతో నెట్టుకొనిపోయి, గోడకు తగిలినచోట నిలిచి, అంచుక్రింద మెతుకేమైన నున్నదేమో యని పాదముతో తిరుగవేసెడిది. చూచినవారు నవ్వి, తిండిపోతనుచు మరికొంత పెట్టెడివారు. 2016లో కేంబ్రిడ్జి విద్వాంసులు కారణము కనుగొనిరి. పి.ఓ.ఎమ్.సి. అను జన్యువులో చిన్నభాగము లోపించినందున, లాబ్రడారులలో ఇంచుమించు నాలుగింట ఒకదానికి కడుపు నిండిన సంగతి మెదడునకు సరిగా చేరదు. నాకది చదివినపిదప ఆ కన్నుల యాచనము వేరుగా తోచినది. దానికి నిగ్రహము లేదని నిందించుట తప్పు. నిగ్రహము ప్రకృతి దానికీయలేదు, కావున యజమానుడు ఇయ్యవలెను. మీ అత్తయ్య చేతి పెరుగన్నమును కొలిచి పెట్టించుట నాకు దానికి చేసిన సేవలన్నింటిలో కష్టమైనది. కొలత తప్పక పెట్టగల దృఢత్వమున్న యింటికి లాబ్రడారు తగును. అట్టి యింట నేనును దానిని మరల వరింతును."

పగ్గు జాతిని గూర్చి నేనడుగగా వారు ఎక్కువ మాటాడలేదు. 2003 ప్రాంతమున ఒక టెలిఫోను సంస్థ ప్రకటనలో బాలుని వెంటనంటి నడచిన ఆ కుక్కను చూచి దేశమంతట దానిని కొన్నారనియు, ముఖము చదునుగా నుండవలెనను కోరికకై దాని శ్వాసమార్గమునే కుదించిన మనుష్యజాతి దానికి క్షమాపణ చెప్పుకొనవలసియున్నదనియు మాత్రమనిరి. మనదేశములో పొమరేనియనని పిలుచునవి చాలవరకు స్పిట్జులనియు, అవి మన యెండకు అలవడిన గట్టిప్రాణములనియు, అరుపెక్కువగుటచే గోడకు గోడ ఆనిన యిండ్లలో పొరుగువారికి ఇబ్బందియనియు చెప్పి ముగించిరి.

"అట్లయిన మన జోనంగియే మేలని మీ తీర్పు కాబోలు," అంటిని. స్వదేశపు జాతిని మెచ్చుకొందురని నేనెదురుచూచితిని.

"తొందరపడకుము. తాతగారి కాలమున కొల్లేటిలో బాతుల మందలుండెడివి. జోనంగి వానిని కాచెడిది. పొట్టి నిగనిగలాడు బొచ్చు, ముడుతలు పడిన నొసలు, తేలికయైన ఒడలు. ఆ నీటికి, ఆ యెండకు పుట్టినది. పగటివేళ గుంట త్రవ్వుకొని, ఆ చల్లనిమట్టిలో పడుకొని, సాయంకాలము బాతులవారు కేకవేయగనే లేచెడిది. పిదప సరస్సులో చాలభాగము చేపల చెరువులైనది, బాతులు తగ్గినవి, వానితోడనే కుక్కకు పనియు తగ్గినది. 2005లో మన తపాలాశాఖ స్వదేశపు కుక్కలకు నాలుగు బిళ్ళలు వేసినది. హిమాలయపు గొఱ్ఱెలకుక్క, రాంపూరు, ముధోల్, రాజపాళయము. మన జోనంగి వానిలో లేదు. నాకది బాధయే. అంతమాత్రమున దానిని తెచ్చి నీ అయిదవ అంతస్తులో పాలరాతి నేలమీద నిలిపినచో దానికేమి న్యాయము జరుగును? త్రవ్వుటకు మన్నేది? కాచుటకు మందయేది? చెరువుగట్టుమీద కాపురమున్నవాడు, పొలమున్నవాడు దానిని తప్పక పెంచవలెను. ఆ జాతి నిలుచుటకు అదియే దారి. స్వదేశమున పుట్టినంతనే మనము ఆకృతిమోహమును జయించినట్లును కాదు. రాజపాళయమునకు నిండు తెలుపే కావలెనని పట్టుపట్టగా ఆ జాతిలో చెవిటిపిల్లలు పుట్టుచున్నవి గదా."

"ఇది తగదు, అది తగదు. నన్నేమి చేయుమందురు?"

"మహాప్రస్థానికపర్వమున ధర్మరాజు వెంట నడచిన కుక్కను తలచుకొనుము. ఆయన దానిని వరింపలేదు. హస్తినాపురము విడిచినప్పటినుండి అదియే వెంట వచ్చినది. దాని జాతి ఏదో వ్యాసుడు చెప్పలేదు. ఇంద్రుడు రథమెక్కుమన్నప్పుడు దానిని విడిచి రానన్నాడు. అది యమధర్మరాజని మనకు తెలియును. రానన్న క్షణమున ఆయనకు తెలియదు. ఆయన నిలిచినది వట్టి కుక్క పక్షముననే."

"విడువకుండుటయే ప్రధానమైనచో, ఏ జాతిని కొన్నను విడువకుండిన చాలును గదా?" అని నేను పట్టుకొంటిని.

"చాలదు. తానై వచ్చినదానిని విడువకుండుట వేరు, నీ కోరికచే పుట్టించినదానిని విడువకుండుట వేరు. నీవు ఒక పిల్లకు వెల యిచ్చిన దినమున, అమ్మువాడు ఆ తల్లిని మరల ఈనించుటకు నిశ్చయించుకొనును. నీ రూపాయి రాబోవు ఈతకు బయానా. వీధిలో పుట్టిన పిల్లకు అట్టి బయానా ఎవ్వరును ఇయ్యలేదు. అది ఇదివరకే పుట్టియున్నది, ఈ యెండలోనే బ్రదుక నేర్చిన తల్లికి పుట్టినది. నీ యింటికి నా తీర్పు అది. వీధికుక్క పిల్లను తెచ్చుకొనుము. పార్వో, డిస్టెంపరు టీకాలు వేళకు వేయించుము. మూడవమాసము నిండగనే రేబీసు టీకా వేయించి, ఏటేట మరువకుము. ఈడురాగానే కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స చేయించుము. ఉదయము సాయంకాలము క్రిందికి దింపి నడిపించుటకు ఓపిక లేనిచో ఏ కుక్కయు నీకు తగదు."

నేను వారి మాట పాటించితిని. అయినను జాతికుక్కనే కోరువారు లోకమున నుందురు. వారికి మామయ్య చెప్పి పంపిన రెండు మాటలు ఇచట చేర్చుచున్నాను. తల్లిని కన్నులార చూడకయు, అది లేచి నడచుట పరికింపకయు పిల్లకు వెల యీయకుడు; తల్లిని చూపుటకు వెనుకాడు అమ్మకపువాని గుమ్మము దిగిరండు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కుక్కల పెంపకము, విక్రయముల నియమములు శాసించుచున్నవి; అంతకు చిన్నదానిని మీ చేతిలో పెట్టువాడు చట్టమును అతిక్రమించినవాడు, వానియొద్ద కొనకుడు.