వెనకొచ్చేవాడికి ఒక మాట

బైకుకి సెక్యూరిటీ అలారం బిగిస్తుంటే పక్కన నిలబడి ఎప్పుడైనా చూశారా? ఆ చిన్న డబ్బాలో కుదుపుని పసిగట్టే సెన్సరు ఉంటుంది, రిమోట్ చెప్పింది వినే సర్క్యూట్ ఉంటుంది. దానికి తోడు ఒక సైరను. లైట్లు మాత్రం ఉండవు. లైట్ల కోసం డబ్బాలోంచి రెండు వైర్లు బయటికొస్తాయి. మెకానిక్ సీటు ఊడదీసి, టేపు విప్పి, ఒకదాన్ని ఎడమ ఇండికేటర్ వైరుకి, ఇంకోదాన్ని కుడి ఇండికేటర్ వైరుకి కలుపుతాడు. ఇక ఆ బండిని ఎవరైనా కదిపితే సైరను అరుస్తుంది, నాలుగు ఇండికేటర్లూ ఒక్కసారే కొట్టుకుంటాయి.

అంటే ‘నేను కుడికి తిరుగుతున్నా, చూసుకో’ అని చెప్పడానికి పెట్టిన బల్బే ‘నా బండి ముట్టుకోవద్దు’ అని కూడా చెబుతుంది. అదే పది వాట్ల బల్బు, అదే నారింజ రంగు. వినేవాడు కూడా ఒకడే, మనకి పేరు తెలియని మనిషి. పగలు రోడ్డు మీద అతన్ని నమ్మి ఒక మాట చెబుతాం. రాత్రి అతన్నే అనుమానించి ఇంకో మాట చెబుతాం. ఈ రెండు మాటల ఖర్చు ఎవరి మీద పడుతోంది అన్నదే నా గొడవ.

ముందు ఇండికేటర్ సంగతి. పాత బళ్ళలో ఫ్లాషర్ అనే చిన్న డబ్బా లోపల రెండు లోహాలు అతికించిన రేకు ఉండేది. కరెంటు పోతుంటే రేకు వేడెక్కి వంగుతుంది, సర్క్యూట్ తెగుతుంది. చల్లారగానే మళ్ళీ కలుస్తుంది. ఆ వంగడం, కలవడమే మనం వినే టిక్కు టిక్కు. నిమిషానికి 60 సార్లకి తగ్గకుండా, 120కి మించకుండా కొట్టుకోవాలన్నది అంతర్జాతీయంగా ఒప్పుకున్న లెక్క. ఒక బల్బు మాడిపోతే ఈ లయ మారిపోతుంది. వేడితో పనిచేసే ఫ్లాషరైతే మందగిస్తుంది, ఎలక్ట్రానిక్‌దైతే గబగబా కొట్టుకుంటుంది. తన మాట సగమే బయటికి పోతోందని బండి తనే చెప్పేది. ఇప్పుడందరూ ఎల్ఈడీలు వేయించుకుంటున్నారు. అవి తాగే కరెంటు తక్కువ కాబట్టి ఫ్లాషర్ బల్బు మాడిపోయిందనుకొని కంగారుపడుతుంది. ఆ కంగారు ఆపడానికి ఇంకో రకం ఫ్లాషర్ వేస్తారు. ఇక నిజంగా లైటు పోయిన రోజు కూడా అది చాలాసార్లు పైకి ఏమీ అనదు. ఇది ఒక పిట్టకథ, వదిలేద్దాం.

ఇండికేటర్ వెలుగు, ముఖ్యంగా వెనకది, నడిపేవాడికి కనపడదు. అది పూర్తిగా ఎదుటివాడి కోసం. 1988 మోటారు వాహనాల చట్టంలో 121వ సెక్షన్ సంకేతాలు ఇవ్వడం డ్రైవరు బాధ్యత అంటుంది. చేతితో ఇవ్వాల్సిన సంకేతాన్ని విద్యుత్ పరికరంతో ఇవ్వొచ్చని కూడా అంటుంది. చట్టం దృష్టిలో ఇండికేటర్ మన చెయ్యే అన్నమాట. చెయ్యి చాపడం ఎలాంటి పని? జె.ఎల్. ఆస్టిన్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1955లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో, కొన్ని మాటలు విషయం చెప్పడంతో ఆగవు, చెప్పడమే ఒక పని చెయ్యడం అవుతుంది అన్నాడు. ‘మాటిస్తున్నా’ అంటే మాటివ్వడం అయిపోయినట్టే. ఇండికేటర్ ఆ జాతిదే. వేశాక తిరగకపోతే కేవలం సమాచారం తప్పడం కాదు. నా వెలుగుని నమ్మి, నా ఎడమ పక్కనుంచి దూరిన కుర్రాడి బతుకుతో ఆడుకోవడం.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే రోడ్డు మీద చంద్రగిరి దాటాక ముందు ఒక లారీ కుడి ఇండికేటర్ వేసిందనుకోండి. అది కుడికి తిరుగుతోందా? ‘దాటిపో నాయనా’ అంటోందా? ‘ఎదురు బండొస్తోంది, రావద్దు’ అంటోందా? మూడు అర్థాలకీ మన రోడ్ల మీద వాడుక ఉంది. ఒకే వెలుగు, మూడు మాటలు, వాటిలో రెండు తప్పుగా అర్థమైతే చావు. లారీ డ్రైవర్లు చెడ్డవాళ్ళేం కాదు. వెనకవాడికి ఉపకారం చెయ్యాలనే వేస్తున్నారు. కానీ మంచి మనసు ఒక్కటీ సరిపోదు, ఇద్దరికీ ఒకే భాష ఉండాలి.

ఇండికేటర్ వేసేది కూడా మన ప్రాణం కోసమే కదా, ఇందులో పరోపకారం ఎక్కడుంది అని ఎవరైనా అడగొచ్చు. సరైన ప్రశ్నే. కాంట్ 1785 నాటి పుస్తకంలో ఒక కొట్టువాడుంటాడు. ఏమీ తెలీని పిల్లాడొచ్చినా ధర ఎక్కువ చెప్పడు, ఎందుకంటే నిజాయితీ వ్యాపారానికి మంచిది. అది నీతి లెక్కలోకి రాదంటాడు కాంట్. కాంట్ మాట పుస్తకంలో ఒప్పుకుంటాను గానీ, లీలామహల్ సర్కిల్లో ఒప్పుకోను. నా వెనక వస్తున్నవాడికి నా ఉద్దేశం ఎంత పవిత్రమో అనవసరం. లైటు వెలిగిందా, వెలిగినట్టే తిరిగానా, అంతే. రోడ్డు మీది నీతిలో మనసుకి చోటు చాలా తక్కువ. అందుకే అది నాకు నచ్చుతుంది.

ఇక్కడొక విషయం చెప్పకుండా ఉండలేను. మన ఊళ్ళలో బండి మీద పోతుంటే ఎంతమంది ముక్కూ మొహం తెలియనివాళ్ళు మన గురించి పట్టించుకుంటారో! ‘అన్నా, స్టాండు!’ ‘అక్కా, చున్నీ!’ ‘సామీ, ఇండికేటరు!’ తిరగడం అయిపోయినా మనం ఆపడం మర్చిపోయిన లైటుని చూసి, ఎదురొచ్చేవాడు చెయ్యెత్తి వేళ్ళు మూసి తెరిచి చూపిస్తాడు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళకి పగలు కూడా హెడ్‌లైటు వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది. ఆపే స్విచ్చే లేని లైటు గురించి జనం ఏళ్ళ తరబడి మనకి వేళ్ళు ఆడించి చెబుతూనే ఉన్నారు. నవ్వొచ్చేది, చిరాకేసేది కూడా. కానీ ఆలోచిస్తే, అంతమంది జీతం లేని కాపలాదారులు ఏ ఊరికి దొరుకుతారు? స్టాండు సంగతి చెప్పడానికి కొందరు బండి స్పీడు పెంచి మరీ మన పక్కకొస్తారు. వాళ్ళకది ఖర్చు. బహుశా అందుకే ఆ కేక విన్న ప్రతిసారీ మనం కిందికి చూస్తాం.

అదే మనుషులు, అదే వీధి. రాత్రి రెండింటికి బైకు అలారం మోగితే ఒక్కరూ లేవరు.

మనుషులు రాయైపోయారు అనే పాట నాకు ఇష్టం లేదు. పగలు ‘చున్నీ’ అని అరిచినవాడు రాత్రికి రాయి ఎలా అవుతాడు? అలిపిరి దగ్గర బండి పెట్టి మెట్లెక్కి పోయినవాడి సీటు మీద కోతి దూకినా అది మోగుతుంది. పక్కనించి బుల్లెట్ పోయినా, పెళ్ళి డప్పులొచ్చినా, దీపావళికి లక్ష్మీ బాంబు పేలినా మోగుతుంది. చిన్నప్పుడు అందరం చదువుకున్న ‘నాన్నా పులి’ కథలో పిల్లాడు అల్లరికి అరిచాడు, ఫలితం తనే అనుభవించాడు. ఇక్కడ లెక్క ఇంకా అన్యాయం. అరిచిన అలారం ఒకరిది, పులి పడేది ఇంకొకరి మీద. ఎదురింటాయన బండి నెలకి ఇరవైసార్లు ఉత్తినే అరిచి వీధి చెవులు మొద్దుబారిస్తే, నిజంగా దొంగ పడిన రోజు పోయేది పక్క సందులో ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడి బండి. కంతులు ఇంకా తీరని బండి.

ఆ సెన్సరుకి చాలా వాటిల్లో సెన్సిటివిటీ తగ్గించే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఎవరూ తగ్గించరు. ఎందుకంటే బిగించాక మెకానిక్ ఒక్క వేలితో సీటు మీద తట్టి చూపిస్తాడు: ‘చూడు సామీ, ఎట్ల మోగుతాదో!’ ఆ క్షణంలో మనం మురిసిపోయి డబ్బులిచ్చేది ఒక అబద్ధపు అలారానికి. దొంగ రాలేదు, వేలు తగిలింది, వీధంతా తిరిగి చూసింది. మన డబ్బు విలువ మనకి కనపడింది. ఎవరి నిద్ర, ఎవరి చూపు అందులో ఖర్చవుతాయో ఆ బిల్లులో ఉండదు.

అలారం పెట్టించుకున్నవాణ్ణి తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చట్టం 146వ సెక్షన్ ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలంటుంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూ వీలర్‌కి ఒకేసారి ఐదేళ్ళది కట్టాల్సొచ్చింది. అది మన బండి గుద్దితే నష్టపోయేవాడి కోసం. మన బండి పోతే అందులో రూపాయి రాదు, దానికి విడిగా ఇంకో పాలసీ కట్టాలి. చాలామంది కట్టరు, కట్టలేరు. ఎదుటివాడి పట్ల బాధ్యతని చట్టం బలవంతంగానైనా చేయిస్తోంది, మన సొత్తు సంగతి మనకే వదిలేసింది. ఇది న్యాయమే అనుకుంటాను. కానీ ఇన్సూరెన్స్ కట్టలేనివాడికి మిగిలేది ఆ సైరనే. అది కూడా ఊరికే రాదు. నిలబెట్టిన బండిలో అలారం పది మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకుంటే, రోజుకి 0.24 ఆంపియర్ అవర్. చిన్న బైకులో ఉండే రెండున్నర ఆంపియర్ అవర్ బ్యాటరీ పది రోజుల్లో ఖాళీ. అది పక్కనే కరకంబాడిలో అమరరాజా వాళ్ళు చేసిందే అయినా సరే, లెక్క లెక్కే. ఊరెళ్ళి వచ్చేసరికి కాపలా కాసినదే చచ్చిపడి ఉంటుంది, ఇండికేటర్ కూడా వెలగదు.

అలారం విన్నప్పుడు లేచి కిటికీలోంచి చూడాలా వద్దా? చూడాలనే నేననుకుంటాను, ఒక్కసారైనా. అలారాన్ని నమ్మి కాదు, ఆ కుర్రాడి బండి కూడా అదే సందులో ఉంది కాబట్టి. కానీ లేవనివాణ్ణి నిందించే ముందు, ఆ మోతని అంత చవక చేసిందెవరో అడగాలి. ఆ సెన్సరుని కాస్త తగ్గించి పెట్టుకోవడం నాకు ఇండికేటర్ వెయ్యడం లాంటి పనే అనిపిస్తుంది. రెండూ మనకి కనపడని మనిషి కోసం చేసేవే.

ఈ మధ్య అలారంతో పాటు హజార్డ్ స్విచ్ కూడా వేస్తున్నారు. నొక్కితే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి. బండి చెడి రోడ్డు పక్కన ఆగినప్పుడు వాడాల్సినది. వానొస్తే చాలు, జనం దాన్ని వేసుకుని నడిపేస్తున్నారు. కూడళ్ళలో ‘నేను నేరుగా పోతున్నా’ అనడానికి కూడా అదే. అలారం భాష పగటి రోడ్డు మీదికి వచ్చేసింది: నన్ను చూడండి, నాకు దూరంగా ఉండండి. 2023లో పూర్తిగా తెరిచిన శ్రీనివాస సేతు మీద వాన సాయంత్రం అలాంటి బళ్ళు వరసగా కనిపిస్తాయి. సేతు దిగే చోట అందులో ఒకటి ఎడమకి తిరగాలి. అప్పటికే నాలుగూ కొట్టుకుంటున్నాయి. ఎడమకి అని చెప్పడానికి దాని దగ్గర ఇంకో లైటు లేదు. వెనకున్నవాడికి తిరిగాకే తెలుస్తుంది.