బండను అరగదీసేది కాలమా?



మొయినాబాద్ దగ్గర ఒక వాడలో సభ అయిపోయాక ఒక పెద్దాయన నాతో అన్నడు: "దీక్ష తీసుకున్నం బిడ్డా. ఇగ కులం సంగతి కాలమే చూసుకుంటది. నీళ్లు బండను అరగదీస్తలేవా?"

ఆ మాట నన్ను వదల్లేదు. నిజంగా కాలమే చూసుకుంటుందా?

బండ సంగతే చూద్దాం. అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ వానాకాలంలో మట్టిని, ఇసుకను మోసుకుంటూ వస్తుంది. వట్టి నీళ్ల తాకిడికి గట్టి బండ అరిగేది చాలా తక్కువ. దాన్ని గీకేది ఆ నీళ్లలో కొట్టుకొచ్చే ఇసుక, గులకరాళ్లు. బండలో చిన్న గుంట ఉంటే, సుడిలో పడ్డ రాళ్లు తిరిగి తిరిగి దాన్ని కుండలాగా తొలుస్తాయి. ఎడారిలో గాలి కూడా ఇసుకను విసిరే ఈ పని చేస్తుంది. హిమాలయాల్లో మెల్లగా జారే హిమానీనదాలు అడుగున రాళ్లను పట్టుకొని కొండను గీరుతాయి.

అదే మూసీ గండిపేట చెరువులో చేరితే? 1920లో అక్కడ కట్ట పూర్తయింది. నీళ్లు ఆగిన చోట ఇసుక అడుగుకు దిగిపోతుంది. కదలని ఇసుక వందేళ్లున్నా బండను గీకలేదు. పారే చోటైనా, ఆగిన చోటైనా కాలం ఒక్కటే. తేడా కదలికలో ఉంది.

బుద్ధ భగవానుడు చివరిగా చెప్పింది రెండు మాటలు. ఏర్పడినవన్నీ నశిస్తాయి. కాబట్టి ఏమరుపాటు లేకుండా కృషి చేయండి. మొదటి మాట పట్టుకొని రెండోది వదిలేస్తే అది అనిత్యం కాదు, సోమరితనం. 1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగిన నాటి నుంచి 1956లో నాగపూర్ దీక్ష దాకా, 29 ఏళ్లు బాబాసాహెబ్ కాలం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు.

వేరే గ్లాసులో చాయ్ పోస్తే వద్దని లేచిన తల్లి, కులం అడగకుండా బిడ్డ పెళ్లి చేసిన తండ్రి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన ఆడపిల్ల. ఒక్కొక్కరూ ఒక్కో రేణువు. ఒక్క దెబ్బకు బండ పగలదు, కానీ ఏ దెబ్బా ఊరికే పోదు.

ఇంకో మాట. బండను గీకే రేణువు తానూ అరిగి నునుపవుతుంది. మనలోనూ అరగాల్సినవి ఉన్నాయి: ద్వేషం, అహం, మనలో మనకే ఉన్న ఎక్కువ తక్కువలు. అవి అరగకుండా బయటి బండ మీదికి పోతే, ఒక కులం పోయి ఇంకొకటి మొలుస్తుంది.

ఆ పెద్దాయనకు నా జవాబు ఇదే: నీళ్లు అరగదీస్తయి తాతా, కానీ అందులో ఇసుక కదులుతుంటేనే. ఆ ఇసుక మనమే.

నమో బుద్ధాయ. జై భీమ్.